ఖాళీ బండి ట్రిప్పు

కర్నూల్లో మా వీధికి పొద్దున్నే పాలవాడి తర్వాత వచ్చేవి మేకలే. మొన్న గేటు దగ్గర నిలబడి పేపరు మడతపెడుతుంటే మంద ఒకటి పోతోంది. అందులో ఏదో మేక మెడలో గంట మోగింది. నేను చటుక్కున వెనక్కి తిరిగి చూశాను. వెనక మా ఇంటి గోడా, దాని మీద ఆరేసిన కాళ్ల పట్టా తప్ప ఏమీ లేవు. వీధిలో గంట మోగితే మనిషన్నవాడు వీధిలోకి చూడాలి గదా. మేకలు తోలుకుపోయే ఆయనకు అనుమానం వచ్చినట్టుంది.

"ఏం సార్, ఏమన్నా పారేసుకున్నావా?" అన్నాడు.

ఏం లేదన్నాను. గంట వినబడితే వెనక్కి చూడాలని నాకు నేర్పిన మనిషి పోయి అప్పటికింకా నెల కాలేదు.

బద్వేలుకు బదిలీ అయిన కొత్తలో డాక్టరు నన్ను నడవమన్నాడు. ఆ రోజుల్లో నా పొట్ట నాకంటే ముందు బ్యాంకుకు చేరేది. కూర్చుని చేసే ఉద్యోగంలో బాగా నిలదొక్కుకున్నవాణ్ని మరి. ఒక ఆదివారం కాలనీ గేటు దాకా నడిచి, డాక్టరు మాట దక్కించాను, ఇక ఇంటికి పోయి దోసెలు తిందాం అనుకుంటుండగా, కల్వర్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. రంగు వెలిసిన ఖాకీ చొక్కా, భుజాన పాత తోలు సంచి. చుట్టూ కాలనీ పిల్లలు కిచకిచలాడుతున్నారు.

"యాడికి సారూ?"

"ఊరికే, నడుద్దామని."

"ఊరికే నడిస్తే ఊళ్లోకే పోతారు. కొండకు రాండి."

నేను జవాబు వెతుక్కునేలోపే ఆయన పక్కనున్న కానుగచెట్టు నుంచి ఒక ఆకు తుంచి, బొటనవేలు నాలుకకు అద్దుకుని, ఆకు మధ్యలో గోటితో గాటు పెట్టి నా చేతిలో పెట్టాడు.

"టికెట్టు. పారేసుకోగాకండి. పైన చెకింగ్ ఉంటాది."

ఆయన బస్సు కండక్టరుగా రిటైరైనవాడు. బస్సు దిగినా బస్సు ఆయన్ను దిగలేదు. గట్టి నేల మీద కూడా కాళ్లు ఎడంగా పెట్టి, నేల ఎప్పుడైనా ఊగవచ్చన్నట్టు నిలబడేవాడు. ఇరుకు దారిలో పిల్లలు ఆగిపోతే "జరగాల, జరగాల, ముందర ఖాళీగా ఉండాది" అనేవాడు. ముందర ఉండేది ఆకాశమే. రాయి మీద ఒక్కడే బార్లా చాపుకుని కూర్చున్నవాణ్ని "ఇద్దురు కూచునే సీటబ్బీ ఇది, జరుగు" అని లేపేవాడు. ఆ ఒక్కడు చాలాసార్లు నేనే.

లంకమల వైపున్న ఆ కొండను ఊళ్లో గూబగుండు అంటారు. కొన మీద పెద్ద బండ ఒకటి గుడ్లగూబ తలకాయలా ఉంటుంది. బట్టతల నిండా చెమటతో నేను ఎక్కుతుంటే, కింద నుంచి చూసే పిల్లలకు రెండు గుండ్లు కనబడేవట. పైన గుండుకు చేరడానికి ఈ గుండుకు ఎంతసేపు పడుతుందోనని పందేలు వేసుకునేవాళ్లు.

ఆ కొండ పిల్లల కొండ కాదు, నిజానికి పెద్దల కొండ కూడా కాదు. కింద అంతా ముళ్లకంప. పెళ్లిలో దూరపు చుట్టాల్లాగా చొక్కా పట్టుకుని వదలదు. అది దాటితే కాలు పెట్టిన చోటల్లా జారే రాళ్లు. ఆపైన నిలువుబండ. దాన్ని రెండు కాళ్ల మీద ఎక్కిన మగాణ్ని నేను చూడలేదు. చదువుకుని, పరీక్షలు రాసి, ఆఫీసరై, అక్కడికి పోయి మళ్లీ నాలుగు కాళ్ల జంతువునయ్యేవాణ్ని. ఐదేళ్లవాళ్లు ఆరేళ్లవాళ్లు నా పక్కనుంచి బల్లుల్లా పాకిపోతూ "అంకుల్, సైడ్" అనేవాళ్లు. బండ దాటితే దొన. రాతి గుంతలో ఎండాకాలం కూడా నీళ్లు నిలిచి ఉండేవి. పిల్లలు అందులో కాళ్లు పెట్టుకుని వరసగా కూర్చుంటే ఆయన చెకింగుకు వచ్చేవాడు. ఆకు చూపించినవాళ్లకు సంచిలోంచి ఉడకబెట్టిన శనక్కాయలు. పారేసుకున్నవాళ్లకు ఒక ఉపన్యాసం, తర్వాత శనక్కాయలు. నాకు ప్రతిసారీ ఉపన్యాసమే మొదలు. నాలుగు కాళ్ల మీద పోయేవాడు ఆకును ఏ చేత్తో పట్టుకోవాలో ఆయన చెప్పలేదు.

ఎక్కేటప్పుడు ఎప్పుడూ చివర ఉండేవాడు. ముందు నడిచి దారి చూపించవచ్చు గదా చాచా, అన్నాను ఒకసారి.

"దోవ డ్రైవరు చూసుకుంటాడు సారూ. కండక్టరు ఎనక డోరు కాడ ఉండాల. ఎవురెక్కినారు, ఎవురు జారిపోతాండారు, ఎనకున్నోనికే తెలుస్తాది."

వెనక ఉన్నా సరే, మలుపుల్లో చిన్నవాళ్లు కనబడరు. అందుకని సంతలో మేకల గంట ఒకటి కొనుక్కొచ్చి, అందరికంటే చిన్నబిడ్డ నడుముకు కట్టేవాడు. బస్సులో తాడు లాగి కొట్టే లెక్కే ఇక్కడా. ఒకసారి కొడితే ఆగాలి. రెండుసార్లు కొడితే రైట్, పోవచ్చు. మామూలు నడకకు గంట దానంతటదే మోగుతూ ఉంటుంది. ఒకవేళ దారి తప్పితే మాత్రం ఒక్కటే రూలు. దాన్ని పిల్లలందరి చేతా వల్లె వేయించేవాడు.

"తప్పిపోతే ఏం జేయాల?"

"కూచోవాల!"

"నడిస్తే?"

"ఇంగా తప్పిపోతాం!"

"ఎవురొస్తారు?"

"తాత!"

మా పాపకు అప్పుడు ఐదేళ్లు. గంట దానిదే. ఆ గంటను ఎంత గర్వంగా మోసేదంటే, ఇంట్లో స్నానానికి కూడా విప్పనని పేచీ పెట్టింది.

ఆయన ఇంటికి ఒక్కసారే వెళ్లాను. ఒకటే గది. గోడకు కొక్కెం, కొక్కేనికి ఒక నల్ల బురఖా. దుమ్ము లేదు, ఎవరో ఇప్పుడే తొడుక్కుని బయటికి పోవాల్సినట్టు ఉంది. నేను దాన్ని చూడటం ఆయన చూశాడు. "టీ పెడతా, కూచోండి సారూ" అన్నాడు. గ్లాసులు రెండున్నాయి. ఒకటి అరుగు మీద బయటే ఉంది. రెండోది అలమర లోపలినుంచి తీసి, ఊది, రెండుసార్లు కడిగి, అందులో నాకు పోశాడు. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఏం చేస్తారని అడిగాను.

"ఆదివారం కోసరం చూస్తాంటా" అన్నాడు, టీ ఊదుకుంటూ.

ఆ ఆదివారాన్నే ఒక మేకపిల్ల తినేసింది.

ఆ రోజు మేం నిలువుబండ ఎక్కుతున్నాం. నేను యథాప్రకారం సగంలో బండను కౌగిలించుకుని ఉన్నాను. నా పైన ఒక పిల్లవాడు జారి మోకాలు చీరుకుని బావురుమన్నాడు. చాచా వెనకనుంచి నన్ను దాటుకుని పైకి పోయి వాణ్ని ఎత్తుకున్నాడు. ఆయన వెనక డోరు వదిలింది అప్పుడొక్కసారే. వదలక తప్పలేదు కూడా. కింద గంట మోగుతూనే ఉంది. ఒకసారి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విని, "వస్తాంది నా టికెట్టు, వస్తాంది" అన్నాడు. నేనూ విన్నాను. గంట బండ పక్కనుంచి, పొదల్లోంచి, మాతోపాటే పైకి వస్తోంది. పాప సులువు దారేదో కనిపెట్టిందని నాకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది.

మేం దొన దగ్గర కూర్చున్నాం. గంట దగ్గరికొచ్చింది. పొద కదిలింది. బయటికొచ్చింది పిల్లే, కానీ మేకపిల్ల. మెడలో మా గంట, గంటకు మా పాప ఎర్ర రిబ్బను.

పిల్లలు పకపకా నవ్వారు. నేను చాచా మొహం చూశాను. అందులో రక్తం లేదు.

నేను అరవడానికి నోరు తెరిచాను. ఆయన నా నోటి మీద చెయ్యి పెట్టేశాడు.

"పిలవద్దు సారూ! కొండలో గొంతు నాలుగు పక్కలా మోగుతాది. పిల్ల మన గొంతు కోసరం లేచి నడుస్తాది. నేను కూచోమని చెప్పినా. కూచోని ఉంటాది."

పిల్లలందర్నీ దొన చుట్టూ కూర్చోబెట్టి, కదిలితే ఇంక జన్మలో టికెట్టు ఇయ్యనని చెప్పి, ఆయన నిలువుబండ మీదుగా కూర్చుని జారాడు. ఆ వెనక నేను. నాకు ఆయాసం రాలేదు ఆ రోజు. అలాంటి దారిలో నా ఒంటికి బరువే లేనట్టు మొదటిసారి, చివరిసారి అప్పుడే అనిపించింది. ఆయన ఖాకీ ప్యాంటు వెనక చినిగిపోయి రక్తం కారుతోంది. మధ్య మధ్య ఆగి, నా మొహంలోకి చూసి, "కూచోనుంటాది" అంటున్నాడు. నాకు చెప్తున్నాడో తనకు చెప్పుకుంటున్నాడో తెలియలేదు.

బండ మొదట్లో, మలుపు తిరిగే చోట, ఒక చదును రాయి మీద పాప బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి విసుక్కుంది.

"ఎంతసేపు కూచోవాల తాతా? కాళ్లు తిమ్మిరెక్కినాయి."

"గంట యాడమ్మా?" అన్నాడు ఆయన.

"మేకపిల్లకు కట్టినా. వాళ్లమ్మ ముందరే ఎల్లిపోయింది. దానికి గంట ల్యా. తప్పిపోతాది గదా!"

ఆయన దాని పక్కన కూలబడ్డాడు. తిట్టలేదు. చెకింగులో వాడే గొంతు తెచ్చుకుని, "టికెట్టుండాదా?" అన్నాడు. పాప గుప్పిట తెరిచింది. నలిగి నల్లబడిన కానుగాకు. ఆయన సంచిలో చెయ్యి పెట్టాడు గాని శనక్కాయలు బయటికి తీయలేకపోయాడు. చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

పిల్లలు ఈ కథను ఇళ్లకు మోసుకుపోయారు. వాళ్లకది మేక కథ. పెద్దవాళ్లకు కాదు. మా ఆవిడది కోయిలకుంట్ల, మాట సూటిగా ఉంటుంది.

"మేక బదులు ఇంగోటేమన్నా వచ్చింటే? ఆ అడవిలో చిరుతలుండాయంట. మీరు ఎక్కుతారో దొర్లుతారో మీ ఇష్టం. పాప మాత్రం ఇంటికాడుంటాది."

"ఆయన తప్పేముంది అందులో?"

"ఆయప్ప తప్పని నేనంటినా? ఆయప్ప మంచోడే. కొండ మంచిది కాదు."

మిగతా ఇళ్లలో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. ఒకరికి ట్యూషను, ఒకరికి జలుబు, ఒకరికి డ్రాయింగు క్లాసు. ఆదివారానికి ఒకరు తగ్గారు. ఆయన ఏ ఇంటి తలుపూ తట్టలేదు, ఎవర్నీ ఎందుకు రాలేదని అడగలేదు. మామూలుగానే తెల్లవారుతూ వచ్చి కల్వర్టు మీద కూర్చునేవాడు. సంచి ఒళ్లో పెట్టుకుని, కాలనీ లోపలికి చూస్తూ. కొన్నాళ్లు నేనొక్కణ్నే వెళ్లాను. నన్ను చూసి నవ్వి, నా వెనక చూసేవాడు.

"ఒకటే టికెట్టా?"

"ఒకటే చాచా."

ఎండ కల్వర్టు ఎక్కేదాకా చూసి, లేచి, "రైట్ రైట్" అని తనకు తానే చెప్పుకుని బయల్దేరేవాడు. శనక్కాయలు మాత్రం ఎప్పటిలాగా సంచి నిండా ఉడకబెట్టుకొచ్చేవాడు. ఎవరూ రాని కొండకు ఇంకా ఎందుకు చాచా అన్నాను, ఒకసారి ఉండబట్టలేక.

"ఖాళీ బండయినా ట్రిప్పు ఎగ్గొట్టగూడదు సారూ. ఈడ ఎవురూ ఎక్కలేదని మనం పోకుంటే, ముందు స్టేజీలో ఎవురో ఒక ముసలామె నిలబడుంటాది. ఆమెకేం తెలుసు, బండి రాదని?"

తర్వాత టమాటాలు కొండెక్కాయి, బంగారం కొండెక్కింది. నేను మాత్రం ఎక్కడం తగ్గించాను. కర్నూలుకు బదిలీ అయింది. వచ్చేటప్పుడు చెప్పి వద్దామని పోతే ఆయన నా మాట వినకుండా నా పెదాలే చూస్తున్నాడు. బదిలీ అన్నది రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

పోయిన ఏడు ఒక పెళ్లికి బద్వేలు వెళ్లాం. శనివారం రాత్రి పాప, ఇప్పుడు పెద్దదే, "రేపు తాత కొండకు పోతాడు గదా" అంది. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె జడ వేసుకుంటూ, "పోయి రాండి. గంట మేకలకు ఇయ్యొద్దని చెప్పండి" అంది.

పొద్దున గేటు దగ్గరికి పోయేసరికి కల్వర్టు మీద ఉన్నాడు. అదే సంచి, అదే ఖాకీ, లోపల మనిషి మాత్రం సగమయ్యాడు. మమ్మల్ని చూసి వెంటనే లేవలేదు. ఎవరో కాలనీలోకి పోయేవాళ్లనుకున్నాడు. పాప పోయి ఎదురుగా నిలబడి, చెయ్యి చాపింది.

"తాతా, టికెట్టు."

ఆయన దాన్ని కిందనుంచి పైదాకా చూశాడు.

"అరే! హాఫ్ టికెట్టు ఫుల్ టికెట్టయిపోయిందే సారూ!"

కానుగాకులు మూడు తుంచాడు. గోటితో గాట్లు పెట్టడానికి చాలాసేపు పట్టింది. ముళ్లకంప దాటాం. జారే రాళ్లు దాటాం, మూడు చోట్ల కూర్చుని. నిలువుబండ మొదట్లో ఆ చదును రాయి దగ్గరికి వచ్చాక ఆయన దాని మీద కూర్చుని, ఇంక లేవలేదు.

"నాది ఈడిదాకానే పాపా. నువ్వు పోయి దొన చూసి రా." సంచిలోంచి గంట తీశాడు. "ఇది కట్టుకో."

"నేనింకా చిన్నపిల్లనా తాతా?"

"నీ కోసరం కాదు, నా కోసరం. నువ్వు యాడుండావో నాకు తెలియాల గదా."

పాప గంట నడుముకు కట్టుకుని బండ ఎక్కింది. నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఇద్దరు కూర్చునే సీటే. గంట మోగుతూ పైకి పోతోంది. నేను బండ వైపు చూస్తున్నాను. ఆయన బండను చూడటంలేదు. నా మొహం చూస్తున్నాడు. కాసేపటికి గాని నాకు అర్థం కాలేదు. బతుకంతా బస్సు మోతలో గడిపిన ఆ చెవులకు ఇప్పుడు గంట చేరడం లేదు.

"యాడికి పోయింది సారూ?"

"బండ సగానికి."

"మోగుతాందా?"

"మోగుతాంది చాచా."

"ఇప్పుడు?"

"పైకి చేరింది. దొన కాడికి పోయినట్టుంది."

గంట ఆగింది. నా మొహంలో అది కనబడిందేమో, ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి కొండ ఎక్కేవాడి చెయ్యిలా లేదు, తేలిగ్గా ఉంది. గాలికి కింద కంప కదులుతోంది. అప్పుడు పైనుంచి రెండుసార్లు, విడివిడిగా, శుభ్రంగా కొట్టింది.

"రెండు కొట్టింది చాచా."

"నిజమా? నా కోసరం చెప్తాండావా?"

"నిజం. రెండు."

ఆయన కాళ్లు ఎడంగా పెట్టి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, అంత మనిషిలో అంత గొంతు ఎక్కడుందో, "రైట్... రైట్!" అని అరిచాడు. కొండ నాలుగు పక్కలా అంది. అది కూడా ఆయనకు వినబడలేదు. నా వైపు తిరిగి, "పోయిందా పైకి?" అని అడిగాడు.

పాప దిగి వచ్చాక చెకింగు జరిగింది. దాని ఆకు భద్రంగా ఉంది. నాది ముళ్లకంపలోనే పోయింది. నాకు పూర్తి ఉపన్యాసం అయింది. పాప గంట విప్పి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "నా బండికి ఇంగ గంటెందుకు" అన్నాడు.

ఆ మధ్య బద్వేలు కాలనీ వాచ్‌మన్ ఫోను చేశాడు.

"సార్, మీ కండక్టరు తాత పోయినాడు. ఆదివారం కల్వర్టు మీద కనపడల్యా. వానొచ్చినా కూచునేటోడు గదా. అనుమానమొచ్చి పోయి తలుపు తట్టినాం."

తట్టడానికి ఆదివారం దాకా ఆగారా అని అడగబోయి ఆగాను. ఆయన్ను వారంలో ఒక్కరోజు లెక్కపెట్టుకునేవాళ్లయినా అక్కడ ఉన్నారు. నేనున్నది కర్నూల్లో.

పాపకు చెప్పాను. పోయి గంట తెచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాత, "మరి ఈ ఆదివారం ట్రిప్పు?" అంది. ఆదివారం పొద్దున లేపితే, రాత్రి ఎప్పటిదాకా ఏడ్చిందో ఏమో, లేవలేదు. మళ్లీ లేపలేదు నేను కూడా. అది ఇచ్చిన గంట జేబులో వేసుకుని, ఊరి బయట ఒక గట్టు ఉంటే అక్కడికి పోయాను. అది కొండ కాదు. కొండ పక్కన నిలబెడితే సిగ్గుపడుతుంది. గట్టు మొదట్లో రోడ్డు పక్క కానుగచెట్టుంది. ఒక ఆకు తుంచి, బొటనవేలు నాలుకకు అద్దుకుని, మధ్యలో గాటు పెట్టాను.

అడుగు వేసినప్పుడల్లా జేబులో గంట మోగింది. మోగినప్పుడల్లా వెనక్కి చూశాను. పైదాకా పోయి, కాసేపు కూర్చుని, దిగాను. కింద చెట్టు దగ్గర నిలబడి గుప్పిట తెరిచి చూసుకున్నాను. ఆకు ఉంది. మొదటిసారి పారేసుకోకుండా తెచ్చాను. చూపిద్దామంటే ఎవరూ లేరు.